లెక్కకు అందని నలభై రోజులు

భస్మ బుధవారంతో శ్రమకాలం మొదలవుతుంది. ఆ రోజున నుదుట బూడిద పెట్టే సంఘాలున్నాయి, పెట్టని సంఘాలున్నాయి. కొందరు తపస్సు కాలమంటారు, కొందరు లెంటు అంటారు. శ్రమదినాలంటే మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేరు ఏదైనా మన ఇళ్లలో కనబడే మార్పు దాదాపు ఒకటే. మాంసం, గుడ్లు మానేస్తాం. పెళ్లిళ్లు ఈస్టరు తరువాతికి జరుపుతాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తాం. సాయంత్రం ఒక్కో ఇంట్లో సిలువ ధ్యానాలు పెట్టుకుంటాం. ఇవన్నీ మంచి అలవాట్లే. మన తాతలు, అవ్వలు కష్టపడి కాపాడుకుని మనకు అప్పగించినవి.

అయితే ఈ కాలంలో మనం ఒకరినొకరు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎన్ని రోజులు ఉన్నారు? ఒక పూటా, రెండు పూటలా? మంచినీళ్లు తాగారా, లేదా? భస్మ బుధవారం నుండి ఈస్టరు ముందటి శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు ప్రభువు పునరుత్థానాన్ని జ్ఞాపకం చేసుకునే దినాలు గనుక వాటిని తీసేస్తే నలభై మిగులుతాయి. ఈ లెక్క తెలుసుకోవడం తప్పు కాదు. కాని లెక్క పూర్తయిన తరువాత మనలో ఏమి మిగిలిందన్న ప్రశ్న అంత తరచుగా వినబడదు. ఈ శ్రమకాలంలో ఆ ప్రశ్నను మన ముందు పెట్టగల ఒక భక్తుని జీవితాన్ని జ్ఞాపకం చేసుకుందాం. ఆయన నలభై రోజులు ఉపవాసముండాలని అడవిలోకి వెళ్లి, మధ్యలోనే లెక్క పోగొట్టుకున్నారు. ఆయనే సాధు సుందర్ సింగ్.

ఆయన పేరు తెలియని తెలుగు సంఘం అరుదు. కాషాయ వస్త్రం, గడ్డం, ప్రశాంతమైన ముఖం గల ఆ ఫొటోను మనలో చాలామంది చూసే ఉంటాం. ప్రసంగాల్లో ఆయన కథలు వింటూనే పెరిగాం. అయినా ఆయన ఉపవాసం గురించి మాట్లాడేటప్పుడు అది ఎంత గొప్పదో చెప్పి ఆగిపోతాం. దాని ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి మారింది అన్నదే మనకు ఎక్కువ అవసరం.

సుందర్ సింగ్ 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూర్ గ్రామంలో, ఆస్తిపాస్తులు గల సిక్కు కుటుంబంలో పుట్టాడు. తండ్రి షేర్ సింగ్ భూస్వామి. తల్లి భక్తురాలు. ప్రార్థన చేయకుండా అన్నం ముట్టని అలవాటు ఆ పిల్లవాడికి నేర్పింది ఆమే. సాధువుల దగ్గరకు తీసుకువెళ్లేది. కొడుకు లోకాశలు వదిలి, మనశ్శాంతిని వెదికే సాధువు కావాలని ఆమె కోరిక. ఏడేళ్లకే భగవద్గీత కంఠస్థం చేశాడు. పద్నాలుగేళ్ల వయసులో తల్లి చనిపోయింది. ఆ దుఃఖం అతన్ని కుంగదీసింది. గ్రంథాలు చదివినా, యోగం అభ్యసించినా శాంతి దొరకలేదు.

ఊళ్లోని మిషన్ బడిలో బైబిలు చదవాల్సి వచ్చేది. అది పరాయివాళ్ల మతమని అతనికి విపరీతమైన కోపం. 1904 డిసెంబరులో సువార్త పుస్తకాన్ని చింపి తగలబెట్టాడు. మనసు ఇంకా అల్లకల్లోలమైంది. మూడు రోజులకు, డిసెంబరు 18 తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, చన్నీళ్లతో స్నానం చేసి, దేవుడనేవాడు ఉంటే తనకు దారి చూపించాలని ప్రార్థించాడు. జవాబు రాకపోతే అయిదు గంటలకు వచ్చే రైలు పట్టాల మీద తల పెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆ గదిలో వెలుగు నిండింది. అతను ఎదురుచూసిన దేవతలెవరూ రాలేదు. ఎవరి పుస్తకాన్ని కాల్చాడో ఆ యేసే సజీవుడై కనబడ్డాడు. ఆ ఉదయం మోకాళ్ల మీద నుండి లేచిన సుందర్ సింగ్ మరి వెనక్కి చూడలేదు.

దానికి చెల్లించిన వెల చిన్నది కాదు. తండ్రి బతిమాలాడు, ఆస్తి చూపించాడు, ఇంటి పరువు గుర్తుచేశాడు. కుర్రవాడు తన తలవెంట్రుకలు కత్తిరించుకున్నాడు. సిక్కు ఇంట్లో దానికి మించిన తెగతెంపులు లేవు. ఇంటి నుండి వెళ్లగొట్టారు. వెళ్లేముందు పెట్టిన భోజనంలో విషం కలిసింది. రోపర్ అనే ఊళ్లో క్రైస్తవుల ఇంటికి చేరేసరికి రక్తం పడుతోంది. బతకడని వైద్యుడే ఆశ వదులుకున్నాడు. బతికాడు. తన పదహారో పుట్టినరోజున, 1905 సెప్టెంబరు 3న సిమ్లాలో బాప్తిస్మం పొందాడు. నెల దాటగానే కాషాయ వస్త్రం ధరించాడు. ఒక కంబళి, ఒక కొత్త నిబంధన, చెప్పులు లేని పాదాలు, అంతే ఆస్తి. సాధువు కావాలన్న తల్లి కోరిక ఆమె ఊహించని విధంగా నెరవేరింది. ఆ వేషంతో ఆయన మొట్టమొదట సువార్త చెప్పడానికి వెళ్లింది తనను వెళ్లగొట్టిన సొంత ఊరికే.

తరువాతి సంవత్సరాలు నడకతోనే గడిచాయి. పంజాబు, కశ్మీరు, ఆఫ్ఘన్ సరిహద్దు వరకు తిరిగారు. అమెరికా నుండి వచ్చి భారతీయుల మధ్య సాదాగా బతుకుతున్న శామ్యూల్ స్టోక్స్‌తో కలిసి కొంతకాలం సేవ చేశారు. ఆ స్టోక్సే తరువాత సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో ఆపిల్ తోటలకు ఆద్యుడయ్యాడు. ఇద్దరూ సుబాతులోని కుష్ఠురోగుల ఆశ్రమంలో పుండ్లు కడిగారు. 1908లో సుందర్ సింగ్ మొదటిసారి టిబెట్‌లో అడుగుపెట్టారు. 1909లో లాహోరులోని సెయింట్ జాన్స్ డివినిటీ కాలేజీలో చేరి కొన్ని నెలలు చదివారు. ప్రసంగించడానికి బిషప్పు ఇచ్చిన అనుమతి పత్రం ఒకే అధ్యక్ష మండలానికి పరిమితమని తెలిశాక దాన్ని తిరిగి ఇచ్చేసి, అన్ని సంఘాలకూ చెందినవాడిగా తిరిగారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఇల్లు వదిలాడు, ఆస్తి వదిలాడు, తండ్రి ప్రేమకు దూరమయ్యాడు, కాళ్లు నెత్తురోడేలా నడిచాడు. ఇంత వదిలినవాడు ఇంకా ఉపవాసంలో వదలడానికి ఏమి మిగిలింది? ఈ ప్రశ్నకు ఆయన తానే తరువాత జవాబు చెప్పారు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు స్ట్రీటర్, తరువాతి కాలంలో కోయంబత్తూరు బిషప్పైన అప్పాసామి ఆయనతో మాట్లాడి, తాము విన్నదాన్ని 1921లో పుస్తకంగా తెచ్చారు. అందులో ఆయన తన లోపలి బలహీనతలను దాచుకోలేదు.

మొదటిది సణుగుడు. డబ్బు చేతితో ముట్టనని తీర్మానించుకున్న మనిషి. ఎవరైనా పెడితేనే తిండి. పెట్టని రోజున, అలసిన ఒంటితో చెట్టు కింద పడుకున్నప్పుడు, తండ్రి ఇల్లు గుర్తుకొచ్చేది. ఇంత కష్టమెందుకు, పెళ్లి చేసుకుని, హాయిగా ఉంటూ కూడా మంచి క్రైస్తవుడిగా బతకవచ్చు కదా అని మనసు గుంజేది. ఇతరులకు అది పాపం కాదని ఆయనకు తెలుసు. తనకు వచ్చిన పిలుపు వేరని కూడా తెలుసు. రెండవది చిరాకు. రోజంతా నడిచి, ప్రసంగించి అలసిపోయాక ఎవరైనా వచ్చి మాట్లాడాలంటే విసుగు పుట్టేది. మూడవది, అన్నిటికంటే లోతైనది, ఒక సందేహం. తాను అనుభవిస్తున్న ఈ సమాధానం నిజంగా క్రీస్తు ఇచ్చిందేనా, లేక పడుచు వయసు, ఆరోగ్యం, సొంత మనసు కలిసి పుట్టించిన భావమా?

లోకమంతా భక్తుడని చేతులెత్తి దండం పెడుతున్న మనిషిలో ఉన్నవి ఇవి. మన ఇళ్లలో లేనిది ఇందులో ఏదైనా ఉందా?

1913 ఆరంభంలో, హరిద్వార్‌కు డెహ్రాడూన్‌కు మధ్య ఉన్న అడవిలోకి ఆయన ఒంటరిగా వెళ్లారు. ప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్నాడు గనుక, తాను కూడా ఆ ప్రకారం ప్రార్థనలో గడపాలని ఆయన ఆశ. రోజులు గుర్తుండడం కోసం నలభై రాళ్లు ఏరి పెట్టుకున్నారు. రోజుకొక రాయి పక్కకు వేయాలి. మొదట్లో కడుపులో మంట పుట్టింది, కొన్ని రోజులకు అది తగ్గింది. తరువాత బలం పోయింది. చూపు మందగించింది, వినికిడి తగ్గింది. ఒక దశలో రాయి ఎత్తి పక్కన వేసే శక్తి కూడా చేతులకు లేకపోయింది. లెక్క అక్కడ ఆగిపోయింది. రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి.

వెదురు కొట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఆయన్ను స్పృహ సరిగా లేని స్థితిలో చూశారు. కంబళిలో చుట్టి ఋషీకేశ్ చేర్చారు. అక్కడినుండి డెహ్రాడూన్ వైపు, క్రైస్తవుల మధ్యకు చేరారు. వాళ్లు పసిబిడ్డను సాకినట్టు సాకి, మెల్లగా ఆహారం అలవాటు చేసి నిలబెట్టారు. ఈలోపల ఆయన చనిపోయాడని మిత్రులకు టెలిగ్రాములు వెళ్లాయి. పత్రికల్లో వార్త కూడా వచ్చింది. ప్రాణం నిలిచింది దేవుని కృప వల్ల, కట్టెలు కొట్టుకునే పేదవాళ్ల చేతుల వల్ల.

పదేళ్ల తరువాత యూరప్‌లో కొందరు ఈ ఉపవాసాన్ని శల్యపరీక్ష చేశారు. టెలిగ్రాముల తేదీలు చూశారు, ఆయన ఫలానా రోజున ఫలానా చోట కనబడ్డాడని లెక్కలు కట్టారు. నలభై రోజులు ఉండడానికి వీలు లేదని వాదించారు. స్విట్జర్లాండులో ఫిస్టర్ వంటివారు ఆయన చెప్పిన మాటలన్నిటినీ అనుమానించారు. జర్మనీలో ఫ్రీడ్రిక్ హైలర్ వంటి పండితులు ఆయన పక్షాన నిలబడ్డారు. ఎన్నో పుటలు నిండాయి. రాళ్లు పక్కకు వేయలేకపోయిన మనిషికి రోజుల సంఖ్య ఖాయంగా తెలిసే అవకాశమే లేదు. ఆ వాదం తేలకపోయినా మన విశ్వాసానికి నష్టం లేదు. ఉపవాసం విలువ రోజుల సంఖ్యలో ఉంటే సుందర్ సింగ్ ఓడిపోయినట్టే. ఆయన మాత్రం ఓడినవాడిలా తిరిగి రాలేదు.

ఏమి తెచ్చుకున్నారు? ముందుగా సందేహానికి జవాబు. ఒంట్లో శక్తి అడుగంటింది. సమాధానం తన ఆరోగ్యం వల్లనో మనసు వల్లనో పుట్టిందైతే వాటితోపాటు అదీ తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. దీపంలో నూనె అయిపోయినా వెలుగు ఎక్కువవుతుంటే ఆ వెలుగు దీపానిది కాదని తెలుస్తుంది. ఈ శాంతి పైనుండి వచ్చిందే అని ఆయన ఆ అడవిలో రూఢి చేసుకున్నారు. ఆ తరువాత ఆ విషయంలో ఆయన తడబడలేదు. కాషాయం విడిచి ఇంటికి పోవాలన్న శోధన బలం కోల్పోయింది. తిండి దొరకని రోజున సణిగే అలవాటు తగ్గింది.

ఇక చిరాకు సంగతి. అది పూర్తిగా పోయిందని ఆయన చెప్పుకోలేదు. తగ్గిందని మాత్రమే ఒప్పుకున్నారు. మాకు ఎంతో ప్రియమైన మాట ఇదే. చావు అంచుల దాకా వెళ్లి వచ్చిన భక్తుడు కూడా, అలసిన సాయంత్రం తలుపు తట్టే మనిషిని ప్రేమతో చూడడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నానని ఒప్పుకున్నారు. ఉపవాసం ఆయన్ను దేవదూతగా మార్చలేదు. తోటిమనిషి పట్ల కొంచెం ఎక్కువ ఓర్పు గల మనిషిగా మార్చింది.

ఆయన ఉపవాసం ద్వారా పుణ్యం సంపాదించాలనుకోలేదు. శరీరాన్ని హింసిస్తే దేవుడు మెచ్చుకుంటాడన్న తలంపు ఆయన బోధలో లేదు. తన చుట్టూ శిష్యగణాన్ని కట్టుకోలేదు, కొత్త శాఖ స్థాపించలేదు. పేరు మాత్రం ఆయన్ను వెదుక్కుంటూ వచ్చింది. 1918లో దక్షిణ భారతదేశంలో, సిలోనులో ఆయన మాట వినడానికి వేలమంది చేరారు. బర్మా, చైనా, జపాను పిలిచాయి. 1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లారు. 1922లో పాలస్తీనా చూసి, స్విట్జర్లాండు, జర్మనీ, స్వీడను తదితర దేశాల్లో ప్రసంగించారు. ఒకప్పుడు ఇంటి నుండి వెళ్లగొట్టిన తండ్రి ఈలోగా మెత్తబడి క్రీస్తు వైపు తిరిగాడు. ఇంగ్లండు ప్రయాణానికి ఓడ ఖర్చు ఇచ్చింది ఆ తండ్రే. సుందర్ సింగ్ జీవితంలో ఇంతకంటే తియ్యని జవాబు మరొకటి ఉండి ఉండదు. ఇంటివాళ్ల కోసం ఏళ్ల తరబడి ప్రార్థించి అలసిపోయినవాళ్లు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు.

ఆయన చెప్పిన రెండు సంగతులు శ్రమకాలానికి బాగా వర్తిస్తాయి. ఒకటి మంచుకొండల్లో జరిగింది. టిబెట్ దారిలో మంచు తుపానులో తానూ మరొకతనూ నడుస్తుంటే, కింద లోయలో పడి ఉన్న మనిషి కనబడ్డాడు. ఆగితే మనమే చస్తామని తోటి ప్రయాణికుడు ముందుకు సాగిపోయాడు. సుందర్ సింగ్ దిగి, ఆ మనిషిని వీపున వేసుకుని నడిచారు. మోసిన శ్రమకు ఆయన ఒళ్లు వేడెక్కింది, ఆ వేడికి వీపు మీదివాడికీ ప్రాణం వచ్చింది. కొంతదూరం పోయాక, ఒంటరిగా ముందు వెళ్లినవాడు గడ్డకట్టి చనిపోయి కనబడ్డాడు. రెండోది నీళ్లలోని రాయి. ఎంతకాలంగానో నీటిలో మునిగి ఉన్న రాయిని పగులగొట్టి చూస్తే లోపలంతా పొడిగానే ఉంది. క్రైస్తవ్యం మధ్యనే ఏళ్లుగా ఉన్నా, అది లోపలికి ఇంకని మనుషులను ఆయన ఆ రాయితో పోల్చేవారు.

ఆ రాయి మాట మనల్ని కలవరపెట్టాలి. మనం నలభై రోజుల ఆరాధనల్లో మునిగి ఉంటాం. సిలువ ధ్యానాలు, ఉపవాస కూటాలు, మట్టలాదివారం ఊరేగింపు, శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, అన్నీ చెవిన పడతాయి. ఈస్టరు తెల్లవారి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. సోమవారం నాడు మనల్ని పగులగొట్టి చూస్తే లోపల తడి కనబడుతుందా? ఆస్తి పంపకాల్లో మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు ఒకే గుడిలో రెండు వైపులా కూర్చుని నలభై రోజులు ఉపవాసముంటే, ఆ ఉపవాసం ఎవరి కోసం? ఉపవాస ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చి, అన్నం ఆలస్యమైందని భార్య మీద కేకలేస్తే ఆ రోజు మనం దేన్ని విడిచిపెట్టినట్టు? యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఈ సంగతినే ఎంతో సూటిగా మాట్లాడుతుంది. ఈ వారం ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి దాన్ని చదువుకోండి.

సుందర్ సింగ్ జీవితం మనకు ఇచ్చే హెచ్చరిక కూడా ఉంది. ఆయన ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడాయనకు ఇరవై మూడేళ్లు, నడకతో గట్టిపడిన శరీరం. మన సంఘాల్లో షుగరు మాత్రలు వేసుకునేవాళ్లున్నారు, గర్భిణులున్నారు, వృద్ధులున్నారు, ఎండలో కూలికి వెళ్లేవాళ్లున్నారు. మందులు ఆపి ఉపవాసముండడం విశ్వాసమని ఎవరూ బోధించకూడదు. వాళ్లు తినలేదని మెచ్చుకోవడం, తిన్నారని తక్కువ చూడడం రెండూ తగవు. తినే అన్నంలో ఒక పిడికెడు పక్కకు తీసి పక్కింటి విధవరాలికి పెట్టినా శ్రమదినమే. ఒక పూట ఫోను పక్కన పెట్టి, ఆసుపత్రిలో ఉన్న సహోదరి మంచం దగ్గర కూర్చున్నా శ్రమదినమే. కాపరులు ఈ సంగతి పుల్పిట్ నుండి స్పష్టంగా చెప్పాలని మా మనవి.

అలాగని ఉపవాసమే అక్కర్లేదని అనుకోకూడదు. ఆకలి మనకు కొన్ని నిజాలు చెబుతుంది. కడుపు నిండినప్పుడు దాక్కున్న కోపం, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు బయటికి వస్తుంది. సుందర్ సింగ్ తన చిరాకును, సణుగుడును, సందేహాన్ని దేవుని ముందు పెట్టగలిగింది వాటిని చూశాడు గనుకనే. ఈ నలభై రోజుల్లో మనం ఏమి మానేశామో రాసుకునే బదులు, మానలేకపోతున్నది ఏదో చూద్దాం. ఆ ఒక్కదాన్ని ప్రభువు దగ్గరికి తీసుకువెళ్దాం. అది సగమే తగ్గినా సిగ్గుపడనక్కర్లేదు. సాధువుకు కూడా అలాగే జరిగింది.

చివరి సంవత్సరాల్లో ఆయన ఆరోగ్యం క్షీణించింది. చూపు పాడైంది, గుండె బలహీనమైంది. సుబాతులోని ఇంట్లో ఉండి ఉర్దూలో చిన్న చిన్న పుస్తకాలు రాశారు. ప్రయాణం వద్దని మిత్రులు వారించారు. అయినా 1929 ఏప్రిల్‌లో మరోసారి టిబెట్‌కు బయలుదేరారు. ఈస్టరు పండుగ గడిచి కొన్ని రోజులే అయింది. ఆ తరువాత ఎవరికీ కనబడలేదు. వెదికినవాళ్లకు జాడ దొరకలేదు. నాలుగేళ్ల తరువాత, 1933లో ప్రభుత్వం ఆయన మరణించినట్టు నిర్ణయించింది. ఆయనకు సమాధి లేదు. చివరి రోజు ఏదో మనకు తెలియదు. అడవిలో ఆయన ఉపవాస దినాల లెక్క మనకు దక్కలేదు, భూమ్మీద ఆయన దినాల లెక్క కూడా దక్కలేదు. రెండూ దేవుని దగ్గర భద్రంగా ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, ఈ శ్రమకాలంలో మన రోజుల లెక్క కూడా ఆయన చేతికే అప్పగిద్దాం. మధ్యలో ఉపవాసం తప్పినవారు నిరుత్సాహపడి మానేయకండి, మరుసటి ఉదయం మళ్లీ మొదలుపెట్టండి. నలభై రోజులూ తప్పకుండా ఉన్నవారు అతిశయపడకండి, ఈస్టరు తరువాత మీ తలుపు తట్టే మొదటి మనిషిని ఓర్పుతో పలకరించండి. ఆ మనిషి అప్పు అడగడానికి వచ్చినవాడు కావచ్చు, మాటలు ఆగిపోయిన తమ్ముడు కావచ్చు. మన ఉపవాసం ఫలించిందో లేదో ఆ గుమ్మం దగ్గర తెలుస్తుంది. ఆ గుమ్మం దగ్గర నిలబడగల కృపను ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.